తపాలాకైతే నష్టం, కంపెనీకైతే ప్రోత్సాహం: ఇదేం లెక్క?

#1 పాతకవరు

నిన్న ఒక స్నేహితుడితో మాటామాటా పెరిగింది. అమెరికా తపాలా సంస్థకి 2024 ఆర్థిక సంవత్సరంలో 950 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందన్న వార్త ఫోన్లో చూపించి, "మూసి పారేయాలి, మన పన్నులన్నీ అందులోకే పోతున్నాయి" అన్నాడు. పన్నుల డబ్బు కాదయ్యా అంటే వినడు. 1970లో చట్టం మార్చి దాన్ని విడిగా తన కాళ్ళ మీద నిలబడే సంస్థని చేశారు. 1980ల మొదటి నుంచీ రోజువారీ ఖర్చులకి ఖజానా నుంచి ఏమీ రావడం లేదు, అంధులకు ఉచితంగా పంపే పుస్తకాల్లాంటి వాటికిచ్చే చిన్న మొత్తం తప్ప. స్టాంపులు అమ్ముకుని, పార్శిళ్ళు మోసుకునే జీతాలిస్తోంది.

ఇదే మనిషి పోయిన నెల, తన రాష్ట్రానికి ఏదో ఫ్యాక్టరీ వస్తోందనీ, దానికి ఏళ్ళ తరబడి పన్ను మినహాయింపు ఇచ్చారనీ తెగ సంబరపడ్డాడు. అది మాత్రం "పెట్టుబడి" అట.

ఉత్తరం మోస్తే నష్టం, కంపెనీకి పన్ను వదిలేస్తే పెట్టుబడి. ఈ పేర్లు ఎవరు పెడుతున్నారు? తెలిసినవాళ్ళు చెప్పండి. నాకు వాడితో మళ్ళీ శనివారం భోజనం ఉంది.

#2 లెక్కలపిచ్చి

శనివారం లోపు కావాలంటే కాస్త పొడుగ్గా రాయాలి, ఓపిక పట్టండి.

ఈ "నష్టం" అన్న మాటని మూడు ముక్కలు చేసి చూడాలి. మొదటిది, 2006 డిసెంబరు చట్టం. ఉద్యోగులు రిటైరయ్యాక వాళ్ళ ఆరోగ్య బీమాకయ్యే ఖర్చుని దశాబ్దాల ముందే నిధిగా పక్కన పెట్టమన్నారు. పదేళ్ళ పాటు ఏటా సుమారు 550 కోట్ల డాలర్లు. మిగతా ప్రభుత్వ శాఖల్లో దాదాపు దేనికీ ఈ నిబంధన లేదు. సరిగ్గా అదే సమయంలో 2008 మాంద్యం వచ్చింది, ఉత్తరాలు పడిపోయాయి. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. 2012 నుంచి కట్టడం మానేశారు, కానీ కట్టకపోయినా అప్పు కింద పుస్తకంలో రాయాల్సిందే. 2016 దాకా చూపించిన నష్టంలో సింహభాగం ఈ పద్దుదే.

2022 ఏప్రిల్లో ఆ నిబంధనని ఎత్తేసి, కట్టని 5,700 కోట్లు రద్దు చేశారు. దాంతో ఏమైందో తెలుసా? ఆ ఏడాది తపాలా సంస్థ 5,600 కోట్ల డాలర్ల లాభం చూపించింది. ఒక్క ఉత్తరం అదనంగా మోయలేదు, ఒక్క డాలరు పెట్టెలోకి రాలేదు. కాగితం మీద గీత కొట్టేస్తే లాభం వచ్చింది. ఆ ఏడాది మీ స్నేహితుడు "ఆహా ఏం సంస్థ" అని పొగిడాడేమో అడగండి.

2024లో వచ్చిన 950 కోట్లలో కూడా, యాజమాన్యం చేతిలో ఉన్న ఖర్చుల వల్ల వచ్చింది సుమారు 180 కోట్లు అని సంస్థే విడదీసి చెప్పింది. మిగతాదాంట్లో పెద్ద వాటా పాత పింఛను బకాయిల సర్దుబాటు, కార్మికుల నష్టపరిహారం లెక్కలు.

#3 చివరిసీటు

లాభమొస్తే కాగితం మీద, నష్టమొస్తే పేపర్ మీద 😄

#4 తూర్పుగాలి

లెక్కలపిచ్చి గారూ, మీరు మూడు ముక్కలన్నారు, రెండే చూపించారు. మూడోది నేను చెప్తా, మీకు నచ్చకపోవచ్చు.

మామూలు ఉత్తరాలు 2001లో 10,300 కోట్లు దాటాయి. అదే శిఖరం. ఇప్పుడు అందులో సగం కూడా లేవు. ఇటు చూస్తే పంచాల్సిన చిరునామాలు ఏటా పది లక్షల పైనే పెరుగుతున్నాయి. అంటే పోస్ట్‌మ్యాన్ నడిచే దూరం పెరుగుతోంది, సంచిలో బరువు తగ్గుతోంది. స్టాంపు 2019లో 55 సెంట్లు, 2025 జులైకి 78. ధర పెంచేకొద్దీ రాసేవాళ్ళు తగ్గుతారు. ఆ ఆరోగ్య బీమా నిధి నిబంధన తీసేశాక కూడా 2023లో 650 కోట్లు, 2025లో 900 కోట్లు నష్టం. దీనికి 2006 చట్టాన్ని తిట్టి లాభం లేదు.

ఇంకోటి. తపాలా సంస్థకి సబ్సిడీ లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. ఆస్తి పన్ను కట్టదు. ఖజానా నుంచి 1,500 కోట్ల డాలర్ల దాకా అప్పు తెచ్చుకోవచ్చు. కోవిడప్పుడు అప్పుగా ఇచ్చిన 1,000 కోట్లని తర్వాత తిరిగి కట్టక్కర్లేదన్నారు. అన్నిటికీ మించి, మీ ఇంటి ముందున్న ఉత్తరాల పెట్టెలో వేరేవాడు ఒక కరపత్రం వేసినా నేరం. 1934 నుంచి చట్టం అది. పెట్టె కొన్నది మీరు, పాతింది మీరు, హక్కు మాత్రం వాళ్ళది. ఇవన్నీ డబ్బు రూపంలో కనపడని సబ్సిడీలే కదా?

#5 లెక్కలపిచ్చి

పెట్టె సంగతి ఒప్పుకుంటున్నా. మంచి పాయింటు. కానీ దానికి బదులుగా ఆ సంస్థ మీద ఉన్న బరువు కూడా చూడండి. గ్రాండ్ కెన్యన్ అడుగున సుపాయ్ అనే ఊరుంది, అక్కడికి ఇప్పటికీ కంచరగాడిదల మీద తపాలా వెళ్తుంది. పక్క వీధికి వేసే ఉత్తరానికీ దానికీ స్టాంపు ఒకటే. ఏ ప్రైవేటు కొరియరూ ఆ ధరకి ఆ లోయలోకి దిగడు.

ఈ "దూరమెంతైనా ఒకటే ధర" అన్నది 1840లో బ్రిటన్‌లో రోలండ్ హిల్ పుణ్యం. అంతకుముందు ఉత్తరం అందుకున్నవాడు డబ్బులివ్వాలి, దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యని బట్టి. జనం కవరు మీద గుర్తులు పెట్టుకునేవాళ్ళు. చూసి, విషయం తెలుసుకుని, "మాకొద్దు" అని వెనక్కి ఇచ్చేసేవాళ్ళు. మిస్డ్ కాల్ మన కనిపెట్టుడు కాదన్నమాట.

#6 శాంతక్క

కంచరగాడిదల మాట వచ్చింది కాబట్టి ఇటుకల కథ చెప్తాను. పార్శిల్ పోస్టు అమెరికాలో 1913 జనవరి 1న మొదలైంది. 1916లో యూటా రాష్ట్రంలో వెర్నల్ అనే చిన్న ఊళ్ళో ఒక బ్యాంకు కడుతున్నారు. మంచి ఇటుక సాల్ట్ లేక్ సిటీ నుంచి రావాలి. రైలూ బండీ మార్చి తెస్తే ఇటుక ఖరీదుకన్నా రవాణా ఎక్కువ. పార్శిల్ రేటు చూస్తే అందులో సగం కూడా లేదు. ఇంకేముంది, యాభై పౌన్ల పొట్లాలు కట్టి, ఒక్కోటీ విడి పార్శిల్‌గా, టన్నులకి టన్నులు పోస్టులో వేశారు. 80,000 ఇటుకలు అని లెక్క. తపాలా శాఖ గుండెలు బాదుకుని, ఒకరు ఒకరికి రోజుకి 200 పౌన్లకి మించి పంపకూడదని రూలు పెట్టింది. బ్యాంకు మాత్రం లేచింది. ఆ భవనం ఇంకా ఉంది.

అత్త సొమ్ము అల్లుడు దానం అని ఊరికే అన్నారా. ఇక్కడ అల్లుడు దానం కూడా చెయ్యలేదు, ఇల్లే కట్టుకున్నాడు.

#7 చివరిసీటు

శాంతక్కా 🙏 నాకు ఒక పుస్తకం పోస్టులో వేయాలంటేనే టేపు ఎక్కడుందో వెతకాలి. వీళ్ళు బ్యాంకు వేశారు.

#8 మూడోషిఫ్టు

చాన్నాళ్ళుగా చదివే పనే, రాయడం తక్కువ. ఈ టాపిక్ చూసి ఆగలేకపోయాను. కొన్నేళ్ళ కిందట ఒక ఉత్తరాల వడపోత కేంద్రంలో రాత్రి షిఫ్టు చేశాను. ఊరి పేరు వద్దులెండి.

ఉత్తరాల్ని వేరు చేసే మెషీను గంటకి ముప్పై వేల పైచిలుకు కవర్లు లాగేస్తుంది. దగ్గర నిలబడితే పేకముక్కలు కలుపుతున్న చప్పుడు, ఆగకుండా. కవరు రెండు బెల్టుల మధ్య నిలువుగా పరిగెడుతుంది. దానికి కావాల్సింది ఒక్కటే: ముందు అంచు గట్టిగా ఉండాలి. సినిమా డిస్కులు వచ్చే పల్చటి కవర్లుండేవి. డిస్కు లోపల ఒక పక్కకి జారితే అంచు ఖాళీ అయి, కుక్క చెవిలా వాలేది. అది వెళ్ళి బెల్టు వంపులో మడత పడుతుంది, వెనకాల వచ్చేవన్నీ దాని మీద పడతాయి. అర క్షణంలో అకార్డియన్. ఆపాలి, మూత తీయాలి, చించుకోకుండా పీకాలి. అందుకని వాటిని ముందే చేత్తో ఏరి వేరే ట్రేలో వేసేవాళ్ళం. ఎర్రగా ఉండేవి, దూరం నుంచే కనపడేవి.

ఆ చేత్తో ఏరడానికి ఎవరు డబ్బులిచ్చారన్నది అప్పట్లో నేనెప్పుడూ ఆలోచించలేదు.

#9 రీలుబాబు

ఎర్ర కవరు! అన్నా, ఎన్ని జ్ఞాపకాలు. నెట్‌ఫ్లిక్స్ అంటే నాకు మొదట పోస్టులో వచ్చేదే. 1998లో మొదలై 2023 సెప్టెంబరు 29న ఆఖరి డిస్కులు పంపారు. మొత్తం 500 కోట్లకు పైగా డిస్కులు. ఓటీటీలో దొరకని పాత సినిమాలన్నీ అందులో దొరికేవి.

#10 లెక్కలపిచ్చి

మూడోషిఫ్టు గారూ, మీరు ఆలోచించని ప్రశ్న ఆడిటర్లు ఆలోచించారు. 2007 నవంబరులో తపాలా సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు నివేదిక ఇచ్చింది. నెట్‌ఫ్లిక్స్ నుంచి తిరిగొచ్చే కవర్లలో సుమారు 70 శాతం మెషీనుకి పనికిరావట్లేదని, చేత్తో ఏరినందుకు రెండేళ్ళలో దాదాపు 4.2 కోట్ల డాలర్ల అదనపు కూలి అయిందని. కవరు డిజైను మార్చమనండి, లేదా కవరుకి 17 సెంట్లు అదనంగా వసూలు చేయండి అని సలహా. ఆ అదనపు రుసుము పడలేదు.

అసలు మజా తర్వాత ఉంది. గేమ్‌ఫ్లై అని వీడియో గేముల డిస్కులు పోస్టులో అద్దెకిచ్చే కంపెనీ. వాళ్ళ డిస్కులు మెషీన్లో పగిలిపోతున్నాయని పెద్ద కవర్లో అట్ట పెట్టి, ఎక్కువ పోస్టేజీ కట్టి పంపేవాళ్ళు. "వాళ్ళవి ఊరికే చేత్తో తీస్తున్నారు, మావీ తీయండి" అన్నారు. కుదరదన్నారు. 2009లో తపాలా నియంత్రణ కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. 2011లో కమిషన్ ఇది వివక్షేనని తేల్చింది, కానీ పూర్తిగా సరిచేయలేదు. గేమ్‌ఫ్లై కోర్టుకెళ్ళింది, 2013లో కోర్టు మళ్ళీ కమిషన్ దగ్గరకే పంపింది, అప్పుడు గానీ రెండు రకాల కవర్లకీ ఒకే ధర రాలేదు. నాలుగేళ్ళు! అప్పటికి డిస్కుల కాలమే అయిపోవస్తోంది.

పాతకవరు గారూ, శనివారానికి మీకు కావాల్సిన ఉదాహరణ ఇదే. ఏ చట్టసభా ఓటు వేయలేదు, బడ్జెట్లో పద్దు లేదు. ఒక పెద్ద కంపెనీకి రాత్రి షిఫ్టు వాళ్ళ చేతుల్లోంచి సబ్సిడీ పోయింది. పుస్తకంలో అది తపాలా "నష్టం" కింద పడింది.

#11 తూర్పుగాలి

అంత తేలిగ్గా కాదండీ. ఆ కంపెనీ ప్రతి డిస్కుకీ రానూపోనూ ఫస్ట్ క్లాస్ పోస్టేజీ కట్టింది. ఉత్తరాలు పడిపోతున్న రోజుల్లో అంత పెద్ద ఖాతాదారుని ఏ వ్యాపారి అయినా కాస్త మర్యాదగానే చూస్తాడు. కిరాణా కొట్టువాడు కూడా పెద్ద పద్దుకి సంచి ఊరికే ఇస్తాడు. సంచి ఇచ్చాడు కాబట్టి నష్టపోయాడంటామా?

#12 లెక్కలపిచ్చి

సంచి ఇస్తే అనను. పక్కవాడికి అదే సంచి అమ్మితే అంటాను.

#13 పాతకవరు

అందరికీ థ్యాంక్స్. ఆ స్నేహితుడి ఫ్యాక్టరీ గొడవకి కూడా మందు చెప్పండి. ఎలక్ట్రానిక్స్ తయారుచేసే ఫాక్స్‌కాన్ కంపెనీ కథ నాకు గుర్తుంది కానీ అంకెలు గుర్తులేవు.

#14 శాంతక్క

విస్కాన్సిన్, 2017. 1,000 కోట్ల డాలర్ల పెట్టుబడి, 13,000 ఉద్యోగాలు అన్నారు. రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు రాసిచ్చింది. మౌంట్ ప్లెజెంట్ అనే ఊళ్ళో భూములు తీసుకున్నారు, ఇళ్ళు ఖాళీ చేయించారు, రోడ్లు వెడల్పు చేశారు. 2021లో ఒప్పందం తిరగరాస్తే మిగిలింది 1,454 ఉద్యోగాలు, 67 కోట్ల పెట్టుబడి, 8 కోట్ల రాయితీ. కొండంత రాగం తీసి కూని పాట పాడటం.

#15 తూర్పుగాలి

మళ్ళీ నేనే విలన్. ఉద్యోగాలు రాలేదు కాబట్టి రాష్ట్రం ఆ 300 కోట్లు ఇవ్వనూ లేదు. షరతు పెట్టి రాయితీ రాస్తే లాభం అదే. ఇప్పుడు అదే స్థలంలో మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్లు కడుతోంది.

#16 శాంతక్క

రాష్ట్రం ఇవ్వలేదు, నిజమే తమ్ముడూ. ఊరు ఇచ్చింది. భూమి, నీటి పైపులు, రోడ్లు ముందే అప్పు చేసి పెట్టిన ఖర్చు. కంపెనీ మాట తప్పితే రాష్ట్రం చేతులు దులుపుకోవచ్చు, తవ్విన పైపుని ఊరు మళ్ళీ పీకి అమ్ముకోలేదు కదా. తర్వాత ఇంకెవరో వచ్చారంటే అది అదృష్టం.

ఫాక్స్‌కాన్ కన్నా నాకు నవ్వొచ్చేది కాన్సస్ సిటీ. ఆ నగరం మధ్యలోంచి రాష్ట్ర సరిహద్దు పోతుంది, ఒక రోడ్డే సరిహద్దు. ఇటు మిస్సోరీ, అటు కాన్సస్. ఏళ్ళ తరబడి ఈ రాష్ట్రం రాయితీ ఇచ్చి అటువాళ్ళని ఇటు లాగడం, ఆ రాష్ట్రం ఇటువాళ్ళని అటు లాగడం. ఉద్యోగులు అవే ఇళ్ళలో ఉంటారు, ఆఫీసుకి వేరే దారిలో వెళ్తారు, అంతే తేడా. దానికి రెండు ఖజానాలూ ఖాళీ. 2019లో ఇద్దరూ అలిసిపోయి సంధి చేసుకున్నారు. అట్లా గోడ దూకిన వాటిలో ఏఎంసీ సినిమా హాళ్ళ కంపెనీ ప్రధాన కార్యాలయం కూడా ఉంది. మిస్సోరీ వైపు నుంచి కాన్సస్ వైపు లీవుడ్‌కి వెళ్ళింది.

#17 రీలుబాబు

సినిమా మాట వచ్చింది కాబట్టి నా వంతు 🙂

సినిమా అయ్యాక పేర్లు పడేటప్పుడు చివర్లో ఒక పీచ్ పండు బొమ్మ వస్తుంది, గమనించారా? చాలా హాలీవుడ్ సినిమాలకి ఉంటుంది. అది జార్జియా రాష్ట్రం గుర్తు. అక్కడ 2008 నుంచి పద్ధతి ఏంటంటే, ఖర్చులో 20 శాతం పన్ను క్రెడిట్. ఆ పండు బొమ్మ వేస్తే ఇంకో 10 శాతం. మొత్తానికి పరిమితి లేదు. ఏటా 100 కోట్ల డాలర్లు దాటిన సందర్భాలున్నాయి.

ఇందులో మెలిక ఉంది. బయటి నుంచి వచ్చే స్టూడియోకి జార్జియాలో కట్టాల్సిన పన్నే పెద్దగా ఉండదు. ఉన్న పన్నులో తగ్గింపు ఇస్తే వాడికేం ఉపయోగం? అందుకని ఆ క్రెడిట్‌ని అమ్ముకోనిచ్చారు. సినిమాతో సంబంధం లేని లోకల్ కంపెనీ, డబ్బున్న మనిషి కొంచెం తక్కువ ధరకి కొనుక్కుని తన పన్ను తగ్గించుకుంటాడు. అంటే మీరు చూసిన పోరాట సన్నివేశానికి సగం డబ్బు ఏ లోకల్ కంపెనీ పన్నులోంచో వచ్చి ఉండొచ్చు. సగం అన్నది ఊరికే ఊపులో అన్నా, లెక్కలపిచ్చి గారు కర్ర పట్టుకోకండి.

#18 లెక్కలపిచ్చి

30 శాతం అని మీరే రాసి సగం అంటారా. కర్ర తీశాను.

#19 చివరిసీటు

ఆగండాగండి. ఆ పండు బొమ్మ కోసం 10 శాతం అదనంగా ఇస్తున్నారా? మా ఇంట్లో ఓటీటీ యాప్‌లో సినిమా అవగానే ఆ పేర్లన్నీ అగ్గిపెట్టెంత మూలకి కుదించి "తర్వాతి సినిమా 5 సెకన్లలో" అంటుంది. పండు సంగతి దేవుడెరుగు, డైరెక్టరు పేరే కనపడదు. రిమోట్ వెతికేలోపు ఇంకో సినిమాలో ఎవడో చచ్చిపోతూ ఉంటాడు.

#20 రీలుబాబు

😂 ఆ రాష్ట్రం కొన్న ప్రకటనని మీ యాప్ అగ్గిపెట్టెలో పెడుతోందన్నమాట.

యాప్‌లు వదిలేయండి, అసలు మాటలు ఎవరికైనా వినపడుతున్నాయా? గుసగుసలు వినాలని వాల్యూం 40 పెడితే, వెంటనే బాంబు పేలి పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. నాకు చెవుడేమో అని పరీక్ష కూడా చేయించుకున్నా. చెవులు బాగానే ఉన్నాయి. సినిమాని పెద్ద హాలు స్పీకర్లకి సరిపడా కలుపుతారు, దాన్ని పల్చటి టీవీ అడుగున నేలకేసి చూసే రెండు బుల్లి స్పీకర్లలో కుక్కితే మాట మింగేస్తుంది. హాల్లో మాటకి మధ్య స్పీకరు విడిగా ఉంటుంది. ఇంట్లో అదీ పేలుడూ ఒకే గొట్టంలో వస్తాయి.

#21 మూడోషిఫ్టు

చీకటి సీన్లు కూడా రాయండి. పగలు కిటికీ తెరిచి ఉంటే తెర మీద నా మొహమే కనపడుతోంది.

#22 తూర్పుగాలి

దీంట్లో మాత్రం నేను మీ అందరి వైపే. కొత్త టీవీ పెట్టగానే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కదలికని నున్నగా చేసే ఆప్షన్ ఆపేయండి. ఒక్కో కంపెనీ ఒక్కో ముద్దు పేరు పెడుతుంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీ మధ్యలో లేని ఫ్రేములు తనే ఊహించి గీసి 60, 120 చేస్తుంది. దాంతో ఎంత ఖర్చు పెట్టి తీసిన సినిమా అయినా సీరియల్ షూటింగ్ వీడియోలా ఉంటుంది. దీని మీద 2018లో టామ్ క్రూజ్ స్వయంగా వీడియో పెట్టి మొత్తుకున్నాడు. 2019లో టీవీ కంపెనీలే ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకటి తెచ్చాయి. కానీ అది మనమే వెళ్ళి నొక్కాలి. పాడు చేసేది ముందే ఆన్ చేసి ఉంటుంది, బాగు చేసేది ఐదు మెనూల లోపల.

#23 మోడరేటర్

పోస్టాఫీసు థ్రెడ్ టీవీ సెట్టింగ్స్ దాకా వచ్చింది. సినిమా విభాగం పక్కనే ఉంది, గుర్తుచేస్తున్నా.

#24 లెక్కలపిచ్చి

మోడరేటర్ గారూ, ఒక్క నిమిషం, ఇది టాపిక్‌లోనే ఉంది. ఆ టీవీ అంత చవగ్గా ఎందుకొస్తోందో అడగండి. పన్ను ఎవరూ వదిలేయలేదు. మీరేం చూస్తున్నారో అది గమనించి అమ్ముకుంటుంది. 2017లో విజియో అనే టీవీ కంపెనీ 1.1 కోట్ల టీవీల నుంచి చెప్పకుండా చూసిన వివరాలు లాగిందని ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) కేసు పెడితే 22 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. టీవీకి 20 సెంట్లన్నమాట. రిమోట్ మీద ఓటీటీ గుర్తులతో బటన్లు ఉంటాయి కదా, అవి కూడా ఊరికే పెట్టరు, ఆ చోటుకి డబ్బు తీసుకుంటారు. మీ టీవీకి సబ్సిడీ ఇస్తున్నది మీరే, రోజూ సాయంత్రం.

#25 చివరిసీటు

ఆ బటన్ మా పిల్లి రోజుకి నాలుగుసార్లు నొక్కుతుంది. కమీషన్ దానికి రావాలి.

#26 శాంతక్క

నాది చిన్న ఫిర్యాదు. పార్శిల్ "డెలివరీ అయింది" అని ఫోన్లో మెసేజ్ వస్తుంది, గుమ్మంలో చూస్తే ఏమీ ఉండదు. యాప్‌లో సాయం అడిగితే ఒక రోబో "మీ పార్శిల్ డెలివరీ అయింది, సంతోషం!" అంటుంది. మర్నాడు పొద్దున్న వస్తుంది పార్శిల్. అంటే లెక్క కోసం ముందే నొక్కేస్తారట. ఏ కొరియరో చెప్పను, పాపం ఆ కుర్రాడిది తప్పు కాదు.

ఇంకో డౌటు. రెండు డాలర్లు పెట్టి ఫోన్ కవరు కొంటే సముద్రం దాటి ఉచితంగా ఎట్లా వచ్చేది? ఇక్కడ పక్క ఊరికి పంపాలంటేనే అంతకన్నా ఎక్కువ అవుతోంది.

#27 లెక్కలపిచ్చి

అక్కా, మీరు అసలైన తీగ లాగారు. బెర్న్‌లో 1874లో పుట్టిన ప్రపంచ తపాలా సంఘం ఉంది. విదేశం నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఇంటింటికీ పంచినందుకు ఆ దేశం ఈ దేశానికి ఎంత ఇవ్వాలో అది తేలుస్తుంది. పేద దేశాలకి తక్కువ రేటు పెట్టారు, ఉద్దేశం మంచిదే. ఉత్తరాల కోసం పెట్టిన ఆ రేటు, ఆన్‌లైన్ షాపింగ్ వచ్చాక చిన్న పొట్లాలకి కూడా వర్తించింది. చైనాలో అమ్మకందారు కట్టేది నామమాత్రం, చివరి మైలు మోసేది అమెరికా పోస్ట్‌మ్యాన్. మీ ఫోన్ కవరు "ఉచితం" వెనక ఉన్నది అదే. 2018లో అమెరికా ఆ సంఘం నుంచి వెళ్ళిపోతామని నోటీసిచ్చింది. 2019 సెప్టెంబరులో జెనీవాలో ప్రత్యేకంగా సమావేశం పెట్టి, రేట్లు ఎవరికి వాళ్ళు పెంచుకునే దారి ఇచ్చారు.

#28 తూర్పుగాలి

ఇది నాకూ కొత్త. అయితే చూడండి, ఎర్ర కవరుని చేత్తో ఏరిందీ, చైనా పొట్లాన్ని మోసిందీ, లోయలోకి గాడిదలు తోలిందీ ఒకే పద్దులో పడి "నష్టం" అయ్యాయి. కంచరగాడిద ఖర్చు ప్రజలు కోరుకున్నది. మిగతా రెండూ ఎవరూ అడగనివి. వీటిని విడదీసి రాస్తే నా వాదన కూడా కాస్త మారేది. మొత్తం మారదు, ఉత్తరాలు తగ్గిన మాట తగ్గిందే. డెన్మార్క్‌లో 2000 తర్వాత ఉత్తరాలు 90 శాతం పైగా పడిపోయి, 2025 డిసెంబరు 30తో అక్కడి తపాలా సంస్థ పోస్ట్‌నార్డ్ ఉత్తరాలు పంచడమే ఆపేసింది. 1624 నుంచి ఉన్న ఆనవాయితీ. ఎర్ర పెట్టెలు పీకేశారు.

#29 మూడోషిఫ్టు

పీకేసిన పెట్టెలు జనం ఎగబడి కొనుక్కున్నారని చదివాను. ఉత్తరం వేసేవాళ్ళు అంతమంది ఉంటే పెట్టె ఉండేది.

#30 పాతకవరు

శనివారం భోజనం అయింది. ఎర్ర కవరు కథ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయితే నెట్‌ఫ్లిక్స్ వాళ్ళ దగ్గర ఆ 4 కోట్లు వసూలు చేసి అప్పుడు మూసేయాలి" అన్నాడు. ఫ్యాక్టరీ సంగతి ఎత్తితే బిల్లు తెప్పించాడు. బిల్లు మాత్రం నాతోనే కట్టించాడు.

#31 రీలుబాబు

అది ప్రోత్సాహకం అన్నా, నష్టం కాదు.

ఒక సాయం కావాలి. 2023లో సర్వీసు ఆపేటప్పుడు చివరి డిస్కులు వెనక్కి పంపక్కర్లేదు, ఉంచుకోండి అన్నారు. నా దగ్గర మూడున్నాయి, ఎర్ర కవర్లతో సహా. నిన్న ఈ థ్రెడ్ చదివి చూద్దామని తీస్తే ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు, పాత ప్లేయరు ఎప్పుడో పారేశాం. ఎవరి దగ్గరైనా మూలన పడి ఉన్న డీవీడీ ప్లేయరు ఉంటే చెప్పండి. పోస్టులో వేసినా సరే, ఖర్చు నాది. ఇటుకలంత బరువుండదు కదా.

#32 మూడోషిఫ్టు

నా దగ్గరుంది. రిమోట్ లేదు. అట్టపెట్టెలో గట్టిగా కట్టి పంపుతా, అంచులు వాలకుండా.